మూడు రూపాయల జీతగాడు మహాకవి జాషువ

వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేసుకోవడం మన హాస్టళ్ళలో ఆనవాయితీ. ఈసారి మేము నవయుగ కవి చక్రవర్తి గుర్రం జాషువ గారిని ఎంచుకున్నాం. ఆయన పద్యాలు మీరు తెలుగు వాచకంలో చదివే ఉంటారు, అంత్యాక్షరిలో పాడే ఉంటారు. కాని ఆ పద్యాలు రాసిన మనిషి ఇల్లు ఎలా గడిపారు, ఏయే ఉద్యోగాలు చేశారు, అవి పోయినప్పుడు ఏం చేశారు అన్న సంగతి చాలామందికి తెలియదు. పదో తరగతి, ఇంటర్ అయ్యాక ఏం చెయ్యాలో తోచక మమ్మల్ని సలహా అడిగే తమ్ముళ్ళకు ఈ కథ పనికివస్తుందని మా నమ్మకం.

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న గుంటూరు సీమలోని వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తండ్రిది యాదవ కులం, తల్లిది మాదిగ కులం. ఇద్దరూ క్రైస్తవులు. బడిలో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆ పిల్లవాడికి అంటరానితనం అంటే ఏమిటో తెలిసింది. 1910లో, అంటే పదిహేనో ఏటనే, మేరీ గారితో పెళ్ళి అయింది. మనలో చాలామంది ఇంకా హాస్టల్ పళ్ళెంలో అన్నం తినే వయసుకు ఆయన నెత్తిన సంసారం పడింది.

మొదటి ఉద్యోగం మిషనరీ పాఠశాలలో. జీతం నెలకు మూడు రూపాయలు. ఆ కాలానికైనా అది చాలీచాలని జీతమే. కొంతకాలానికి ఆ ఉద్యోగం కూడా పోయింది. చేతిలో డబ్బు లేదు, వెనుక ఆస్తి లేదు, సిఫారసు చేసే బంధువు లేడు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై ఉంది. పని వెతుక్కుంటూ ఆయన రాజమండ్రి చేరారు.

అక్కడ దొరికిన పని ఈ కాలం పిల్లలకు వింతగా ఉంటుంది. 1915-16 నాటికి సినిమాలకు మాటలు లేవు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, ఒక మనిషి పక్కన నిలబడి కథ చెప్పాలి, పాత్రల మాటలు పలకాలి. జాషువ గారు ఆ వాచకుని పని చేశారు. గొంతు ఉంది, తెలుగు ఉంది, కథను రక్తి కట్టించే నేర్పు ఉంది. ఆ మూడింటినీ పెట్టుబడిగా పెట్టి కూడు సంపాదించుకున్నారు.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. 1931లో టాకీలు వచ్చాయి. బొమ్మే మాట్లాడడం మొదలుపెట్టాక తెర పక్కన నిలబడి మాట్లాడే మనిషి అక్కరలేకపోయాడు. ఆ వృత్తే లోకంలో లేకుండా పోయింది. జాషువ గారు అదే పనిని నమ్ముకుని రాజమండ్రిలో ఉండిపోయి ఉంటే ముప్పై ఆరో ఏట మళ్ళీ రోడ్డున పడేవారు. కాని అప్పటికి చాలా ఏళ్ళ ముందే ఆయన ఆ పని వదిలి గుంటూరు వెళ్ళారు. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు ఉపాధ్యాయుడుగా పనిచేశారు.

మన కళ్ళ ముందు కూడా ఇలాంటివి జరిగాయి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసయితే గుమాస్తా ఉద్యోగం ఖాయమని మా ముందు తరం వాళ్ళు నమ్మారు. కంప్యూటరు వచ్చింది, టైపు మిషన్లు మూలపడ్డాయి. ఎస్టీడీ బూత్ పెట్టుకుని బ్రతికినవాళ్ళను సెల్‌ఫోన్ వచ్చి ఇంటికి పంపింది. 2006లో కొల్లేరులో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, ఆ చెరువుల మీద కూలికి వెళ్ళే కుటుంబాలు ఒక్క వేసవిలో పని పోగొట్టుకున్నాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి మూటాముల్లె సర్దుకుని ఊళ్ళకు వచ్చినవాళ్ళు మన పేటల్లో ఎందరో. పని పోవడం ఎవరి చేతకానితనమూ కాదు. పని పోయిన మనిషి దగ్గర ఏం మిగిలి ఉందన్నదే చూసుకోవాలి.

జాషువ గారి దగ్గర మిగిలింది చదువు. ఆ చదువు ఆయనకు ఎవరూ వడ్డించలేదు. సంస్కృతం తమ సొత్తు అని కొన్ని కులాల వాళ్ళు అనుకునే రోజుల్లో, జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఉభయ భాషా ప్రవీణ పట్టా పుచ్చుకున్నారు. పద్యం బాగుందని మెచ్చుకున్నవాళ్ళే కులం అడిగి మొహం తిప్పుకున్న సందర్భాలు ఆయన జీవితంలో చాలా ఉన్నాయి. సొంత ఊరు వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతన్ని సభలోకి ఎందుకు రానిచ్చారని గొడవ చేశారు. ఇటు క్రైస్తవుల్లో కొందరు హిందూ పురాణ కథలు రాస్తున్నాడని ఆయన్ను దూరం పెట్టారు. రెండు వైపులా తలుపులు వేసినా ఆయన చదువు మానలేదు, రాయడం మానలేదు.

1928లో గుంటూరులో ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుని ఉద్యోగం వచ్చింది. 1942 వరకు, అంటే పద్నాలుగేళ్ళు, అందులోనే ఉన్నారు. ఆ మరుసటి ఏడాది 1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కూలి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం కమ్ముకుంది. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం తగ్గలేదు. రైతులు అప్పులపాలయ్యారు, కూలీలకు పని కరువైంది. అలాంటి కాలంలో నెల నెలా చేతికి వచ్చే చిన్న జీతం కూడా పెద్ద ఆధారం. ధరలు తగ్గేటప్పుడు జీతం ఉన్నవాడి రూపాయికి ఎక్కువ సరుకు వస్తుంది. ఆ పద్నాలుగేళ్ళ నిలకడ ఆయన కలానికి ఊపిరి పోసింది. ఫిరదౌసి, అనాథ, గబ్బిలం, ఈ కావ్యాలన్నీ ఆ ఉద్యోగంలో ఉండగా వచ్చినవే.

వీటిలో ఫిరదౌసి కథ కష్టపడి పనిచేసే ప్రతివాడూ తెలుసుకోవలసింది. గజనీ సుల్తాను మహమ్మదు ఒక కవికి పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి, ఏళ్ళ తరబడి రాయించుకుని, చివరకు వెండి నాణేలు పంపాడు. కవి మనసు విరిగింది. సుల్తాను తప్పు తెలుసుకుని బంగారం పంపేసరికి కవి పాడె మీద ఉన్నాడు. చేసిన పనికి రావలసిన కూలి రాకపోతే మనిషి ఎంత కుమిలిపోతాడో జాషువ గారికి పుస్తకాలు చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు. మూడు రూపాయల జీతం ఆయనకు అది నేర్పింది. గబ్బిలంలోనూ అంతే. కాళిదాసు మేఘుణ్ణి దూతగా పంపితే, జాషువ గారి కావ్యంలో ఆకలితో ఉన్న ఒక అంటరాని పేదవాడు తన గోడు కాశీలోని శివుడికి చెప్పుకొమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి గుడి తలుపు మూసేసినా గబ్బిలానికి అడ్డు లేదు కదా. కష్టపడి నేర్చుకున్న మేఘసందేశం అలా అక్కరకు వచ్చింది.

1942 మళ్ళీ గడ్డుకాలం. రెండో ప్రపంచ యుద్ధం మన తీరం దాకా వచ్చింది. ఆ ఏప్రిల్‌లో విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. బర్మా బియ్యం ఆగిపోయింది, ధరలు ఆకాశానికి అంటాయి. ఇప్పుడు స్థిరమైన జీతం ఉన్నవాడికే కష్టం. ఆ ఏడాదితో జాషువ గారి పండిత ఉద్యోగం ముగిసింది. యుద్ధ కాలంలో ప్రభుత్వం తరఫున యుద్ధ ప్రచారకుడుగా పనిచేశారు. తెర పక్కన కథ చెప్పి బ్రతికిన మనిషికి సభలో మాట్లాడడం కొత్త కాదు. తెల్లదొరల జీతం తిన్నాడని ఎవరైనా అనవచ్చు. అదే చేత్తో ఆయన 1947లో నేతాజీ మీద, 1948లో బాపూజీ మీద కావ్యాలు వెలువరించారు. పొట్టకూటి కోసం పని మారినా, మనసులోని మాట మారలేదు.

1957 నుంచి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. మూగ సినిమాకు గొంతునిచ్చిన మనిషి ముసలితనంలో రేడియోలో కూర్చున్నారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. క్రీస్తు చరిత్రకు అదే ఏడాది కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది, భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఒకప్పుడు సభలోకి రానివ్వని మనిషికి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి పెద్దలు స్వయంగా కాలికి గండపెండేరం తొడిగారు. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన కుమార్తె హేమలతా లవణం గారు స్టువర్టుపురంలోనూ, నిజామాబాదు ప్రాంతపు జోగినుల మధ్యనూ ఏళ్ళ తరబడి సేవ చేసి, 2008లో మరణించారు. తండ్రి ఆస్తి ఏమీ ఇవ్వకపోయినా ఇవ్వవలసింది ఇచ్చే వెళ్ళారు.

తమ్ముళ్ళూ, ఈ జీవితాన్ని చదివి చదువు ఉంటే చాలు అన్నీ వాటంతట అవే వస్తాయని మేము చెప్పబోవడం లేదు. జాషువ గారికి పట్టా వచ్చినా అవమానం ఆగలేదు. మనకూ అంతే. డీఎస్సీ 2018 తర్వాత మళ్ళీ జరిగింది 2025లో. ఆ ఏడేళ్ళూ బి.ఇడి. చేతిలో పట్టుకుని ఎదురుచూసినవాళ్ళు మన కామవరపుకోట మండలంలోనే ఎంతోమంది. వాళ్ళలో పామాయిల్ తోటల్లో గెలలు కోసినవాళ్ళున్నారు, నిమ్మకాయల గ్రేడింగుకు వెళ్ళినవాళ్ళున్నారు, ప్రైవేటు బడిలో తక్కువ జీతానికి పాఠం చెప్పినవాళ్ళున్నారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. తెర పక్కన నిలబడిన జాషువ గారికి లేని చిన్నతనం మనకెందుకు?

అయితే ఒక్క మాట. ఏ పనిలో ఉన్నా రోజుకొక గంట పుస్తకానికి ఉంచండి. ఇప్పుడు చేస్తున్న పని రేపు ఉండకపోవచ్చు. ఆ గంటలో నేర్చుకున్నది మాత్రం ఉంటుంది. ఒక పరీక్ష పోతే ఇంకొకటి రాయండి. ఒక ఊళ్ళో పని లేకపోతే ఇంకో ఊరు వెళ్ళండి. దొరికిన పనిని శుభ్రంగా చేయండి, కాని అదే మీ విలువ అనుకోకండి. చేసిన పనికి కూలి అడగడానికి మొహమాటపడకండి.

సెప్టెంబరు 28న జాషువ గారి జయంతి. ఆ రోజు ఫొటోకు దండ వేసి ఊరుకోకుండా, ఆయన చేసిన ఉద్యోగాలన్నీ వరుసగా ఒక చార్టు మీద రాసి హాస్టల్ గోడకు అంటించండి. పక్కన మన పూర్వ విద్యార్థులు చేసిన పనులు కూడా రాయండి. కొత్తగా చేరే పిల్లలు చదువుకుంటారు.