కేన్సర్ మందుకు బాట వేసిన భీమవరం వాసి

పమిడిముక్కల : గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. బోదకాలు నిర్మూలనకు డెల్టా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర డి.ఇ.సి. పసిపిల్లల రక్త కేన్సర్‌కు పెద్దాసుపత్రుల్లో వాడే మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. ఈ మూడూ ఒక తెలుగువాని ఆధ్వర్యంలో జరిగిన పరిశోధనల ఫలితమేనన్న సంగతి మన గ్రామాల్లో చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. గుడివాడలో రైలెక్కితే కైకలూరు, ఆకివీడు దాటాక వచ్చే భీమవరమే ఆయన పుట్టిన ఊరు.

1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు ఆయన జన్మించారు. ఇంట్లో పేదరికం. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపునందుకుని ఆపరేషన్ గదిలో సైతం ఖద్దరు ధరించడంతో తెల్లదొర అయిన ప్రొఫెసరుకు ఆగ్రహం కలిగింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో కన్నుమూశారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం క్షీణించి మనిషి శల్యమయ్యే జబ్బది. తోడబుట్టినవారిని దక్కించుకోలేకపోయిన సుబ్బారావుగారు ఇక వైద్య పరిశోధనకే అంకితమయ్యారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడలోని మల్లాడి సత్యలింగం ధర్మసంస్థ ధనసహాయం చేయగా 1922లో భార్య శేషగిరిని విడిచి అమెరికా చేరుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పగలు చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని.

రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రొఫెసర్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై కూడా ముఖ్యమైన విషయాలు కనుగొన్నారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. 1945లో ఆ బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ మందుగా పనిచేయడం ఇక్కడ గమనార్హం.

మన శరీరంలో కణం రెండుగా చీలేముందు, తల్లిదండ్రుల పోలికలను మోసే డి.ఎన్.ఎ.కు నకలు తయారవుతుంది. అందుకు ఫోలిక్ యాసిడ్ అవసరం. కేన్సర్ కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి గనుక వాటికి అది ఎక్కువగా కావాలి. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులిస్తే జబ్బు మరింత ముదిరినట్టు కనిపించింది. అయితే దాన్ని అందకుండా చేస్తే ఎలా ఉంటుందని ఆలోచన వచ్చింది. వరిమడిలో ఊద అచ్చం వరిలాగే ఉండి వరి చోటు ఆక్రమించినట్టు, ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి కణాన్ని ఏమార్చే అమినోప్టెరిన్ అనే మందును సుబ్బారావుగారి బృందం తయారుచేసి ఇచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆ మేలు కొద్దికాలమే నిలిచినా, రక్త కేన్సర్‌ను మందుతో అణచవచ్చని తేలింది. దాని తర్వాతిదే మెథోట్రెక్సేట్. ఇతర మందులతో కలిపి సరైన చికిత్స చేస్తే నేడు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో అధికశాతం కోలుకుంటున్నారు.

కీళ్ళవాతానికీ మెథోట్రెక్సేట్ ఇస్తారు. అలాంటివారు డాక్టరు చెప్పినట్టు వారానికొకసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం.

తన మందు ఎందరిని బతికిస్తుందో చూడకుండానే 1948 ఆగస్టులో 53 ఏళ్ళ వయసులో సుబ్బారావుగారు నిద్రలోనే మరణించారు. వదిలివెళ్ళిన ఊరిని గాని, ఎదురుచూసిన భార్యను గాని మళ్ళీ చూడలేదు. 1995లో ఆయన శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

కేన్సర్ అని తెలియగానే ఆశ వదులుకుని, పదిమందికి తెలిస్తే పరువు పోతుందని దాచిపెట్టే కుటుంబాలు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. వారు ఈ కథ వినాలి. పదో తరగతి తప్పి మూల కూర్చున్న పిల్లలకు కూడా, రెండుసార్లు తప్పిన ఈ భీమవరం కుర్రవాడి సంగతి ఉపాధ్యాయులు, పెద్దలు చెప్పడం అవసరం.