కొండ చెప్పిన పాఠం

గ్రంథాలు చదివి సంపాదించే విద్య ఒకటి. కన్నులతో చూచి, కాళ్ళతో నడిచి సంపాదించే విద్య మరొకటి. మొదటిదానికి పట్టాలున్నవి, పదవులున్నవి. రెండవదానికి సాధారణంగా ఏమీ లేవు. పందొమ్మిదవ శతాబ్దంలో, అమెరికాలోని కాలిఫోర్నియా అడవి కొండలలో, ఈ రెండు విద్యలకూ ఒక వివాదం జరిగినది. ఒక పక్షాన నిలిచినవాడు ఆ రాష్ట్రపు భూగర్భశాస్త్రాధికారి. ఎదుటి పక్షాన నిలిచినవాడు రంపపు మిల్లులో కూలికి పనిచేసే యువకుడు. ఆ యువకుని పేరు జాన్ మ్యూర్.

మ్యూర్ 1838 ఏప్రిల్ 21వ తేదీన, స్కాట్లండులో సముద్రతీరాన వున్న డన్‌బార్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి డేనియల్ మ్యూర్ మతనిష్ఠ గలవాడు, మిక్కిలి కఠినుడు. బైబిలులోని క్రొత్త నిబంధన యావత్తూ, పాత నిబంధనలో చాలా భాగమూ కుమారునిచేత కంఠస్థం చేయించినాడు; తప్పిన చోటల్లా బెత్తం లేచేది. 1849లో ఈ కుటుంబం అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ ప్రాంతంలో అడవి నరికి సేద్యం ప్రారంభించినది. పసితనం తీరకముందే జాన్ నాగలి పట్టినాడు. కొంతకాలానికి తండ్రి బావి త్రవ్వించదలచి, గట్టి ఇసుకరాయిని ఉలితో చెక్కే పనిని అతనికి అప్పగించినాడు. నెలల తరబడి ఆ బాలుడు ఒంటరిగా ఆ గోతిలో కూర్చుండి రాయి చెక్కినాడు. సుమారు ఎనభై అడుగుల లోతున, ఒకనాటి ఉదయం, అడుగున విషవాయువు పేరుకొని వుండగా స్పృహ తప్పబోయి, చావు తప్పి బయటపడినాడు. కొద్ది దినాల విశ్రాంతి తరువాత మరల అదే గోతిలోనికి దిగవలసివచ్చినది. తొంభై అడుగుల వద్ద నీరు పడినది.

పగలంతా చాకిరి. చదువుకు మిగిలినది తెల్లవారుజాము మాత్రమే. చలికాలంలో ఒంటిగంటకే లేచి, కొయ్యతో గడియారాలు చెక్కుకొనేవాడు. నిర్ణీత సమయానికి మంచాన్ని వంచి, నిద్రించేవానిని నేలమీద నిలబెట్టే యంత్రం కూడా నిర్మించినాడు. 1860లో ఈ యంత్రాలను మాడిసన్ నగరపు ప్రదర్శనకు తీసుకొనిపోగా అందరూ మెచ్చుకొన్నారు. ఆ పరిచయంతోనే అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రవేశం లభించినది. అక్కడ ఒకనాడు సహాధ్యాయి ఒకడు లోకస్ట్ అనే పెద్ద వృక్షపు పూవును కోసి చేతికిచ్చి, ఆ పూవు పొలంలో పాకే బఠాణి పూవుతో ఎట్లా సరిపోలుతున్నదో విప్పి చూపినాడు. ఆకాశాన్నంటే మ్రానూ, నేలను ప్రాకే తీగా ఒకే కుటుంబమని తెలిసిన ఆ క్షణం మ్యూర్ జీవితానికి మలుపైనది. నాటినుండి తోటలనూ, చెరువు గట్లనూ గాలించినాడు. పట్టా పుచ్చుకొనకుండానే 1863లో విశ్వవిద్యాలయం విడిచినాడు.

తరువాత బ్రతుకుతెరువుకై కర్మాగారాలలో పనిచేసినాడు. 1867 మార్చిలో, ఇండియానాపొలిస్ నగరంలో బండిచక్రాల సామగ్రి తయారుచేసే కర్మాగారంలో, చేతిలోని ఆకురాయి జారి దాని మొన కుడికంట గ్రుచ్చుకొన్నది. ఆ కన్ను పోయినది. కొద్దిసేపటికి రెండవ కంటికి కూడా చూపు మసకబారి చీకటియైనది. కొన్ని వారాలు చీకటి గదిలో పడివున్నాడు. అదృష్టవశాత్తు చూపు తిరిగి వచ్చినది. వచ్చిన చూపును యంత్రాల నడుమ వ్యర్థం చేయరాదని అప్పుడే నిశ్చయించుకొన్నాడు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో కెంటకీలోని లూయీవిల్ నగరం నుండి బయలుదేరి, దక్షిణాన ఫ్లారిడా సముద్రతీరం వరకు సుమారు వెయ్యి మైళ్ళు కాలినడకన పోయినాడు. అక్కడ మలేరియా జ్వరం పట్టి మృత్యుముఖం చూచినాడు. కొంత కోలుకొన్న పిమ్మట ఓడలో 1868 మార్చి చివరకు సాన్‌ఫ్రాన్సిస్కో చేరి, అక్కడనుండి మరల నడకనే సియెర్రా నెవాడా పర్వతాల దారి పట్టినాడు.

ఆ పర్వతాల నడుమ యోసెమిటి లోయ వున్నది. ఇరుప్రక్కల గ్రానైటు గోడలు నిట్టనిలువుగా లేచివుంటవి. ఎల్‌కాపిటన్ అనే శిల లోయ అడుగునుండి సుమారు మూడువేల అడుగుల యెత్తు. యోసెమిటి జలపాతం అంచెలంచెలుగా 2,425 అడుగులు దుముకుతుంది. సగానికి కోసిన గోపురం వలె నిలిచిన హాఫ్ డోమ్ శిఖరం అన్నిటిని మించినది. 1869 వేసవిలో మ్యూర్ రెండువేల గొర్రెల మందతో, కాపరికి తోడుగా, ఈ ప్రాంతపు పచ్చికబయళ్ళకు వెళ్ళినాడు. గొర్రెల మంద నడిచిన చోట పూలమొక్క మిగలక పోవడం చూచి ఆయన మనస్సు కలతపడినది. తరువాత లోయలోనే నిలిచి, గాలికి కూలిన మ్రాకులను కోసే రంపపు మిల్లు నడిపినాడు. సెలవు దొరికినప్పుడల్లా కొండ యెక్కేవాడు. సంచిలో ఎండు రొట్టె, కొద్దిగా తేయాకు. నడుమున ఒక నోటుపుస్తకం. తుపాకి లేదు, తరచు కంబళి కూడా లేదు.

ఈ లోయ ఎట్లా ఏర్పడినదన్నదే వివాదం. భూగర్భశాస్త్రాధికారి జొసయా విట్నీ, ఏదో మహోత్పాతంలో భూమి ఒక్కసారిగా క్రుంగిపోవడం వల్ల లోయ ఏర్పడినదని తీర్మానించినాడు. మ్యూర్‌కు కొండలు వేరొక సాక్ష్యం చెప్పినవి. గ్రానైటు బండలు అద్దం వలె నునుపు తేరివున్నవి. వాటిమీద ఒకే దిశగా సాగిన గీతలున్నవి. లోయ పొడవునా ఎక్కడివో దూరపు రాళ్ళు కుప్పలుగా పడివున్నవి. ఇవన్నీ హిమానీనదాల పని. అనగా, యుగాల తరబడి మంచు పేరుకొని, గట్టిపడి, తన బరువుతో తానే మెల్లగా జారుతూ రాతిని ఒరసి లోయను చెక్కినదని మ్యూర్ గ్రహించినాడు. బావిలో ఉలితో రాయి చెక్కిన చేతులకు, చెక్కిన రాయి గుర్తు తెలియకుండునా! విట్నీ ఈ వాదాన్ని గొర్రెల కాపరి అజ్ఞానమని త్రోసివేసినాడు.

మ్యూర్ కోపగించి మాటకు మాట విసరలేదు. మరల కొండ యెక్కినాడు. 1871లో మెర్సెడ్ శిఖర ప్రాంతంలో సజీవమైన హిమానీనదాన్ని కనుగొన్నాడు. అది కదలని మంచుగడ్డ మాత్రమేనని కొందరు శంకించినారు. 1872 ఆగస్టులో ఆయన మక్లూర్ హిమానీనదంమీద అడ్డంగా ఒక వరుసలో కొయ్యమేకులు పాతినాడు. నలుబదియారు దినాల తరువాత వచ్చి కొలిచినాడు. నడిమి భాగాన మేకు 47 అంగుళాలు జరిగివున్నది. అనగా దినానికి సుమారు ఒక అంగుళం. అంచున పాతినవి అంతకు తక్కువ జరిగినవి. నది ప్రవాహం వలెనే మంచు కూడా నడుమ వడిగా, ఒడ్డున మెల్లగా సాగుతున్నదని తేలినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ లెకాంట్ మున్నగు పండితులు ఆయనవైపు మొగ్గినారు. తరువాతి పరిశోధనలు ఈ సిద్ధాంతాన్ని కొంత సవరించినవి: ముందుగా నదులు లోతుగా కోసిన దారినే హిమానీనదాలు వెడల్పు చేసినవనీ, మ్యూర్ మంచు విస్తృతిని కొంత ఎక్కువగా ఊహించినాడనీ నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అయినా, క్రుంగిన లోయ అన్న మాట మాత్రం మరల లేవలేదు.

1880లో వివాహమైన తరువాత ఆయన కొన్నేండ్లు మామగారి పండ్లతోటలు చూచుకొన్నాడు. కాని కొండల మీది అడవులు గొడ్డలికీ, గొర్రెల మందలకూ బలియగుచుండగా చూచి ఊరకుండలేక కలం పట్టినాడు. ఆయన వ్యాసాలు కదిలించిన ప్రజాభిప్రాయం వల్ల 1890లో యోసెమిటి జాతీయవనం ఏర్పడినది. 1892లో సియెర్రా క్లబ్బు స్థాపితమై, ఆయనే తొలి అధ్యక్షుడైనాడు. 1903 మే నెలలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు ఆయనతో కలిసి మూడు రాత్రులు ఆ అడవిలో, ఆరుబయట గడిపినాడు. ఒక రాత్రి మంచు కురిసి కప్పుకొన్న కంబళ్ళు తెల్లబడినవి. రాష్ట్ర ప్రభుత్వం చేతిలో వున్న లోయ 1906లో జాతీయవనంలో చేరడానికి ఆ మూడు రాత్రులూ తోడ్పడినవి. 1903లో బయలుదేరిన ప్రపంచయాత్రలో ఆయన మన దేశానికి కూడా వచ్చి, హిమాలయాల దేవదారు వృక్షాలను దర్శించినాడు.

ఇంత నిశితమైన చూపుకు అందనిది ఒకటి వున్నది. యోసెమిటి నిర్జనమైన లోయ కాదు. అహ్వానీచీలనే ఆదివాసులు తరతరాలుగా అక్కడ నివసించినారు. 1851లో సాయుధ దళం వారిని తరిమివేసినది. మ్యూర్ తొలినాటి రచనలలో ఆ ఆదివాసుల ప్రస్తావన చులకనగానే వున్నది. 1879 మొదలు అలాస్కాలో ట్లింగిట్ జాతివారితో పడవలలో తిరిగిన తరువాత ఆయన దృష్టిలో కొంత గౌరవం ఏర్పడినది. కాని ఆ లోయ అసలు ఎవరిదన్న ప్రశ్నకు ఆయన ఏనాడూ కలం పట్టలేదు. ఆయన స్థాపించిన క్లబ్బే 2020లో ఈ లోపాన్ని బహిరంగంగా ఒప్పుకొన్నది.

చివరి యుద్ధంలో ఆయనకు ఓటమి కలిగినది. జాతీయవనంలోనే వున్న హెచ్‌హెచీ లోయకు ఆనకట్ట కట్టి సాన్‌ఫ్రాన్సిస్కోకు నీరు తెచ్చుకోవాలని ఆ నగరం పూనుకొన్నది. మ్యూర్ ఏండ్ల తరబడి ప్రతిఘటించినాడు. 1913 డిసెంబరులో అధ్యక్షుడు విల్సన్ ఆనకట్ట చట్టంపై సంతకం చేసినాడు. ఆ లోయ నేటికీ నీటిలోనే వున్నది. మరుసటి సంవత్సరం, 1914 డిసెంబరు 24న, లాస్‌ఏంజెలిస్ నగరంలో న్యుమోనియాతో మ్యూర్ కన్ను మూసినాడు. అలాస్కా యాత్రల వ్రాతప్రతి ఇంకా పూర్తికాలేదు.

మ్యూర్ మేకులు పాతిన మంచును నూటనలుబది యేండ్ల తరువాత శాస్త్రజ్ఞులు మరల కొలిచినారు. 2013లో వారు ప్రకటించిన ప్రకారం, మక్లూర్ హిమానీనదం చాలా చిక్కిపోయినా, అప్పటికి ఇంకా దినానికి సుమారు ఒక అంగుళమే కదలుతున్నది. దాని ప్రక్కనే వున్న లయెల్ హిమానీనదం మాత్రం కరిగి పలుచబడి, కదలిక మానుకొన్నది. ఆ మంచు కదలిక మారినదో లేదో పోల్చి చూడడానికి లోకానికి ఒక పాత లెక్క వున్నదంటే, అది పట్టా లేని ఒక కూలి, ఎవరూ అడుగకుండా, కాలినడకన వెళ్ళి వ్రాసిపెట్టిన లెక్క. మన ఊరి వాగు ఏ నెలలో ఎండుతున్నదో, ఊరి గుట్టమీద ఏ చెట్లున్నవో నోటుపుస్తకంలో వ్రాసుకొనే విద్యార్థికి కూడా ఈ విద్య అందనిది కాదు.