జెండా వెంకయ్యగారు – మన బందరు మేష్టారు

మన సంఘం ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పెద్దల్లో ఒకరిని గురించి రాయమన్నారు. నేను శ్రీ పింగళి వెంకయ్యగారిని ఎంచుకున్నాను. కారణం చివర మనవి చేస్తాను.

వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న మొవ్వ దగ్గర భట్లపెనుమర్రులో జన్మించారు. బాల్యం కొంత దివిసీమలోని పెదకళ్ళేపల్లిలో, హైస్కూలు చదువు బందరులో. యువకుడిగా సైన్యంలో చేరి, బోయర్ యుద్ధకాలంలో దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీగారితో పరిచయం అక్కడే అయిందంటారు.

తిరిగి వచ్చాక ప్లేగు ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. లాహోరులో జపనీసు, ఉర్దూ నేర్చారు. కంబోడియా పత్తిపై పరిశోధన చేశారు. అందుకే జనం ఆయన్ను జపాన్ వెంకయ్య, పత్తి వెంకయ్య అన్నారు. 1910లో వెలసిన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులై, పాఠాలతోపాటు గుర్రపుస్వారీ, సైనిక శిక్షణ కూడా నేర్పారు.

1916లో జాతీయ పతాకంపై ముప్ఫై నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీగారికి అందించారు. తెలుపు, రాట్నం తరువాత చేరాయి. 1931లో రంగులు మారాయి. 1947 జూలై 22న రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది. అయినా తొలి గీత మన మేష్టారిదే.

అంతటివారి చివరిరోజులు విజయవాడలో లేమితో గడిచాయి. 1963 జూలై 4న కన్నుమూశారు.

ఇక నా సంగతి. 1984 ఆగస్టు 15న మా ఆఫీసులో జెండా ఏర్పాట్లు నావే. భట్లపెనుమర్రు నుంచి వచ్చే అటెండరు ఒకాయన, గాంధీగారి పక్కన మా ఊరి వెంకయ్యగారి పటం పెట్టకూడదా బాబూ అని అడిగాడు. జాబితాలో ఆ పేరు లేదని చెప్పి పంపేశాను. ఆయనెవరని అడగాలని కూడా నాకు తోచలేదు. ఏటా తాడు, కొయ్య, మిఠాయి బిల్లులు మాత్రం పైసలతో సహా సరిచూశాను.

2009లో వెంకయ్యగారి తపాలాబిళ్ళ వచ్చింది. అప్పటికి నేను రిటైరయ్యాను. అటెండరు కాలం చేశాడు.

గుడివాడలో పటం కట్టించి ఉంచాను. వచ్చే ఆగస్టు 15న మన సంఘం హాలులో పెట్టుకోవడానికి సభ్యులు అనుమతించ ప్రార్థన. ఈసారి జాబితా రాసేది మనమే కదా!