కంచు కంఠం జగ్గయ్య.. రేడియో కత్తిరించినా తగ్గని గొంతు!

పాత సినిమా క్లిప్ ఫోన్‌లో ప్లే అవుతుంటే, ముఖం చూడకుండానే గుర్తుపట్టే గొంతు కొంగర జగ్గయ్యది. కంచు కంఠం అని జనం ముద్దుగా పిలుచుకున్నారు. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన ఆయన, సినిమాల్లోకి రాకముందు ఢిల్లీ ఆకాశవాణిలో మూడేళ్లు తెలుగు వార్తలు చదివారు.

అక్కడ ఆ గొంతుకు ఓ పరీక్ష ఉంది. ఎవరి గొంతైనా సరే, రేడియోలో మొత్తం వెళ్లదు!

మనిషి చెవి 20 నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వినగలదు. మీడియం వేవ్ లాంటి రేడియోలో మాత్రం దాదాపు 5 వేల హెర్ట్జ్ పైనున్న ధ్వనిని ఫిల్టర్‌తో కత్తిరించేస్తారు. ఎందుకంటే స్టేషన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని సిగ్నల్ వెడల్పైతే పక్కదాని మీద పడుతుంది. మిరప చేనుకు గట్టు వేసినట్టే ఇదీ. ఎవరి హద్దు వాళ్లది.

ఈ కోతలో ముందు దెబ్బతినేది 'స' లాంటి అక్షరాలే. వాటి పదును పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. అందుకే వార్తలు చదివేవాళ్లకు గంభీరమైన గొంతు ఒక్కటే చాలదు, ఉచ్చారణ స్పష్టంగా ఉండాలి. జగ్గయ్యకు రెండూ ఉన్నాయి.

1952లో 'ప్రియురాలు'తో వెండితెరకు వచ్చారు. తెలుగులో శివాజీ గణేశన్‌కు గొంతు ఇచ్చిందీ ఆయనే. 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్‌గా మెప్పించారు. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచారు. అప్పటికింకా ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఠాగూర్ 'గీతాంజలి'ని తెలుగులోకి తెచ్చారు. 1992లో పద్మభూషణ్ అందుకున్నారు. 2004 మార్చి 5న చెన్నైలో కన్నుమూశారు.

ఇప్పుడు కోత పెడుతున్నది మన ఫోనే. మగవాళ్ల గొంతుకు మూలమైన ధ్వని 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్ అంత కిందిస్థాయిని సరిగా పలికించలేదు. అయినా గొంతు బరువుగానే వినిపిస్తుంది. పైన మిగిలిన ధ్వనుల వరసను బట్టి, పోయినదాన్ని మన మెదడే పూరించుకుంటుంది మరి!

ఈసారి జగ్గయ్య డైలాగ్ కనిపిస్తే ఓసారి స్పీకర్‌లో, ఓసారి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. తేడా మీకే తెలుస్తుంది.