కంటికందని ప్రేగుకు మందు సాధించిన తెలుగువాడు

నేటి వైద్యులు రోగిచేత చిన్న కెమెరా అమర్చిన మాత్రను మింగించి, సుమారు 6 మీటర్ల పొడవు గల చిన్నప్రేగు లోపలి భాగాన్ని చిత్రాలలో పరిశీలించగలుగుతున్నారు. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఈ సాధనం ఊహకైనా అందని కాలంలో, ఆ ప్రేగును పీడించే వ్యాధికి మందు సాధించిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికంలో పెరిగి, మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నాన ఉత్తీర్ణులై, మద్రాసులో వైద్యవిద్య అభ్యసించారు. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధి కొద్ది రోజుల వ్యవధిలోనే ఆయన సోదరులిద్దరిని పొట్టన పెట్టుకున్నది. తిన్న అన్నం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి శుష్కించిపోయే జబ్బు అది. తామూ ఆ వ్యాధి బారినపడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు.

పిమ్మట అమెరికా వెళ్ళి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫరస్ పదార్థాలపై పరిశోధించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారయింది. దానిని స్ప్రూ రోగులకు ఇవ్వగా రక్తం వృద్ధి చెందింది, ఆకలి తిరిగి కలిగింది. సోదరులను రక్షించలేకపోయిన వైద్యుడు ఇతరుల సోదరులను రక్షించాడు.

ఫైలేరియాకు వాడే హెట్రజాన్ కూడా ఆయన బృందం కృషి ఫలితమే. మన కరీంనగర్ జిల్లాలో బోదకాలు నివారణకు పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. ఆ మాత్రను మింగిన మనలో ఎందరికి ఆయన పేరు తెలుసు?

మాతృదేశాన్ని తిరిగి చూడకుండానే 1948 ఆగస్టులో ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. పరీక్షలో ఒకసారి తప్పినంతనే అధైర్యపడే విద్యార్థులకు ఆ జీవితం చక్కని పాఠం.