చెరలో ఉన్నవారిని మరువని మనిషి

చెరసాలలో ఉన్న మనిషికి ఏమేం కావాలి? అపొస్తలుడైన పౌలు చెరలో ఉండి తిమోతికి రాసిన చివరి పత్రికలో, త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీని, పుస్తకాలను తీసుకురమ్మని కోరాడు. చలికాలం రాకముందే వచ్చేయమన్నాడు. కప్పుకోవడానికి ఒక వస్త్రం, చదువుకోవడానికి నాలుగు పుస్తకాలు, పక్కన ఒక మనిషి. ఎంత గొప్పవాడికైనా చెరలో సంతోషాలు ఇంత చిన్నవే.

ఈ సంగతి మన పాత నల్లగొండ జిల్లాకు చెందిన వట్టికోట ఆళ్వారుస్వామికి బాగా తెలుసు. 1915లో నకిరేకల్ ప్రాంతంలో పేద కుటుంబంలో పుట్టిన ఆయన, ఇళ్లలో వంట చేసి, హోటల్లో పనిచేసి, కష్టపడి చదువు నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకెళ్లి ఊరూరా అమ్మారు. నిజాం పాలనను ఎదిరించి జైలు పాలయ్యారు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం విలీనం కావడానికి కొంతకాలం ముందు, నిజామాబాద్ జైల్లో ఆయనతోపాటు యువకవి దాశరథి కూడా ఖైదీగా ఉన్నారు. రాసుకుందామంటే కాగితం లేదు, కలం లేదు. పొద్దున్నే పళ్లు తోముకోవడానికి ఇచ్చే బొగ్గుతోనే దాశరథి గోడ మీద పద్యాలు రాసేవారు. జైలు సిబ్బంది చెరిపేస్తే మళ్లీ రాసేవారు. ఆ పద్యాలను ఆళ్వారుస్వామి కంఠస్థం చేశారు. 1949లో వెలువడిన తన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు.

ఆ తర్వాత ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు రాశారు. తన త్యాగాల గురించి కాదు, లోకం దొంగలని, పాపులని ముద్రవేసిన తోటి ఖైదీల గురించి రాశారు. అందులో ఒక కథ పేరు ‘పతితుని హృదయం’. 1961లో ఆయన కన్నుమూశారు.

ఆయన కమ్యూనిస్టు, మన విశ్వాసి కాదు. అయినా ఖైదీలను మరువవద్దన్న హెబ్రీ పత్రిక హెచ్చరిక ఆయన జీవితంలో కనబడుతుంది. కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక తల్లి కొడుకు జైలుకు వెళ్లాడు. ప్రతి ఆదివారం అతని కోసం ప్రార్థించాం. ములాఖత్‌కు మాత్రం ఆమె ఒక్కతే బస్సెక్కి వెళ్లేది. కాపరినైన నేనూ తోడు వెళ్లలేదు. చెరలో ఉన్నప్పుడు తనను చూడవచ్చారా అని ప్రభువు అడిగే దినాన నేనేమని జవాబివ్వాలి? ప్రియులారా, మీ ఊరి నుంచి ఎవరైనా జైల్లో ఉంటే ఈ వారమే వెళ్లి చూడండి. చేతిలో ఒక పుస్తకం, ఒక దుప్పటి ఉంటే చాలు.