జూడిత్ రైట్

ఆస్ట్రేలియా కవయిత్రి జూడిత్ రైట్ 1915లో జన్మించెను. యౌవనముననే వినికిడి తగ్గసాగినను ఆమె ప్రజాసేవ మానలేదు.

ఆ దేశపు ఈశాన్య తీరమున గ్రేట్ బారియర్ రీఫ్ అను మహా ప్రవాళభిత్తిక గలదు. 1967లో ఒక చెరకు రైతు అందలి ఎల్లిసన్ దిబ్బను త్రవ్వి, పొలములకు సున్నము తీయుటకు అనుమతి కోరెను. పొలమునకు సున్నము అవసరమే; కాని ఆ దిబ్బ నిర్జీవమన్న వాదము సత్యము కాదు. జూడిత్ రైట్, ఆమె మిత్రులు ఎదిరించిరి. స్వచ్ఛంద సేవకులు నీట మునిగి పరిశీలింపగా 88 జాతుల సజీవ ప్రవాళములును, 190 జాతుల చేపలును కనబడెను. అనుమతి లభింపలేదు.

పిదప చమురు బావుల ముప్పు వచ్చెను. పోరాటము సాగి, 1975లో సముద్రోద్యాన చట్టము వెలసెను. ఆమె 2000లో పరమపదించెను. 2004లో ఆ ఉద్యానమున వేట నిషిద్ధమైన భాగము నూటికి 5 లోపు నుండి 33కు పెరిగెను. అచ్చట కోరల్ ట్రౌట్ చేపలు వృద్ధిచెందెను. వాని పిల్లలు ప్రవాహముల వెంట వేట సాగు దిబ్బలకును చేరుచున్నవి.